ఒంటిరెక్క మందారం

నవంబరు 14

తెల్లవారక ముందే కడియపులంక పూల మార్కెట్టుకి వెళ్ళాను. కార్తీకమాసం రద్దీ. బంతి, చామంతి, లిల్లీ, కాగడాలు గుట్టలుగా పోసి తూకాలు వేస్తున్నారు. నాకు కావలసింది మందారాలు. వచ్చే వారం డిగ్రీ పిల్లలకి మాల్వేసి కుటుంబం ప్రాక్టికల్. మందారం పూటలో వాడిపోతుంది కనక మార్కెట్టుకి రాదు, నర్సరీల్లోనే వెతుక్కోవాలి. బుర్రిలంక దాకా నడుస్తూ రోడ్డు పక్క నర్సరీలన్నీ చూసుకుంటూ వెళ్ళాను. ఎరుపు, పసుపు, నారింజ, లేత గులాబి, మధ్యలో వేరే రంగు మచ్చ ఉన్నవి. అయితే ఎక్కువ భాగం ముద్దమందారాలే. కొనేవాళ్ళు అడిగేవి అవే.

ఒకటి కొని, అక్కడే గట్టు మీద కూర్చుని బ్లేడుతో నిలువునా కోశాను. కేసరాలు ఉండాల్సిన చోట ఎర్రటి మడతలు. ఒక చిన్న రేకు అంచుకి పసుప్పచ్చటి పరాగకోశం ఇంకా అంటిపెట్టుకుని ఉంది. రేకు రూపంలో ఉన్న కేసరం అది. ఎంత అందమైన పువ్వయినా కుటుంబ లక్షణం చూపించమంటే సగం మాటే చెబుతుంది.

ఒంటిరెక్క మందారం చివరికి కాలవ గట్టున ఒక ఇంటి దడిలో దొరికింది. అడిగితే ఇంటావిడ "దేవుడికి కోసుకునేవే కదండీ, కావలసినన్ని కోసుకోండి" అంది.

ఇంటికొచ్చి లెన్సు కింద పెట్టి చాలాసేపు చూశాను. అన్నిటికంటే బయట సన్నటి పచ్చటి పత్రాల వరస, ఉపరక్షకపత్రావళి. దాని లోపల అడుగున కలిసిపోయిన ఐదు రక్షకపత్రాలు. ఐదు రేకులు, ఒక్కోదాని ఒక అంచు పక్కదాని పైన, రెండో అంచు ఇటుపక్కదాని కింద. మొగ్గ మెలితిరిగి కనిపించేది అందుకే. కేసరదండాలన్నీ కలిసి ఒక గొట్టం. ఆ గొట్టం లోపలినుంచే కీలం పైకి వచ్చి ఐదు మెత్తటి ఎర్ర బొడిపెలుగా విడింది. పరాగకోశం మూత్రపిండం ఆకారంలో ఉండి, ఒకే గది. లోకంలో చాలా పూల పరాగకోశాలకి రెండు గదులుంటాయి. ఈ సగం పరాగకోశం దగ్గర పిల్లల్ని ఆపాలి.

గోంగూర, బెండ, పత్తి, గంగరావి అన్నిటికీ ఇదే కట్టడి. వేళ్ళతో నలిపితే అన్నిటికీ జిగురే. రోడ్డు పక్క తుత్తురబెండకి మాత్రం ఉపరక్షకపత్రావళి లేదు. అయినా అది మాల్వేసియే, మిగతా లక్షణాలన్నీ ఉన్నాయి కనక. పిల్లలకి దాన్ని తప్పకుండా చూపించాలి.

నవంబరు 18

ల్యాబులో బల్ల మీద మూడు తెల్లపూలు పెట్టాను: కాగడా, ఒంటిరెక్క నందివర్ధనం, లిల్లీ. మూడింటికీ కింద గొట్టం, పైన విచ్చుకున్న రేకులు. దూరం నుంచి చూస్తే మూడూ అక్కచెల్లెళ్ళే అనిపిస్తాయి.

కోసి చూడమన్నాను. కాగడా గొట్టంలో కేసరాలు రెండే, అండాశయం పైన. మల్లె, జాజి, విరజాజి అన్నీ ఇంతే, ఓలియేసి. నందివర్ధనం తుంచగానే పాలు కారాయి. గొట్టంలో కేసరాలు ఐదు. కింద రెండు అండాశయాలు విడివిడిగా, పైన ఒక్కటే కీలం. అందుకే దీని కాయలు ఎప్పుడూ జంటగా, రెండు కొమ్ముల్లా విడిపోయి ఉంటాయి. అపోసైనేసి. లిల్లీకి రక్షకపత్రాలూ ఆకర్షణపత్రాలూ అన్న తేడా లేదు, ఆరు పరిపత్రాలు, ఆరు కేసరాలు, మూడు గదుల అండాశయం. ఏకదళబీజం.

ఒకమ్మాయి అండాశయాన్ని వెతుకుతూ "మేడమ్, ఇది పువ్వు కింద ఉందేంటి? ఇంటర్‌లో లిలియేసికి ఊర్ధ్వ అండాశయం అని చదివాం" అంది. నాకు చాలా సంతోషం వేసింది. పుస్తకంలో ఉన్న మాటని పువ్వు దగ్గర పెట్టి సరిచూసింది. పూల మార్కెట్టులో లిల్లీ అని అమ్మే ఈ పువ్వుకి నిమ్న అండాశయమే. ఒకప్పుడు దీన్ని అమరిల్లిడేసిలో పెట్టేవాళ్ళు, ఇప్పుడు కిత్తనారతో, పిల్లితీగలతో కలిపి ఆస్పరాగేసిలో చేర్చారు.

నవంబరు 27

వేమగిరి వైపు ఒక నర్సరీలో నందివర్ధనం మొక్కలకి ఆకులు లేవు, ఈనెలే మిగిలాయి. కొమ్మ తిప్పి చూస్తే వేలంత లావు పచ్చటి గొంగళిపురుగు, తల దగ్గర రెండు నీలి కళ్ళలాంటి మచ్చలు. గన్నేరు మీద వాలే పెద్ద ఆకుపచ్చ చిమ్మట పిల్ల. పక్క వరసలో గన్నేరు మీద కూడా ఉన్నాయి. మధ్య వరస నూరువరహాలు. నందివర్ధనం లాగే ఎదురెదురు ఆకులు, నున్నటి ఆకులు. వాటిని పురుగు ముట్టనే లేదు.

నూరువరహాల కొమ్మ తుంచితే పాలు రావు. రెండు ఆకుల కాడల మధ్య కాండం మీద చిన్న మొనదేలిన పత్రపుచ్ఛం ఉంటుంది, రూబియేసికి పెద్ద గుర్తు అది. పువ్వుకి నాలుగు రేకులు, నాలుగు కేసరాలు, నిమ్న అండాశయం. కాఫీ, గార్డినియా దీని బంధువులే. అపోసైనేసీ రూబియేసీ రెండూ జెన్షియానేల్స్ అనే ఒకే క్రమంలోకి వస్తాయి. ఈ పురుక్కి మాత్రం ఆ దూరపు చుట్టరికం చాలలేదు.

అంటు కడుతున్న బాబాయిగారిని అడిగాను, పాలు కారేవన్నీ ఒకటేనా అని. కత్తి పక్కన పెట్టి చెప్పారు: "పాలొక్కటీ చూస్తే మోసపోతావమ్మా. ముళ్ళకిరీటానికీ పాలే, మర్రికీ పాలే, సపోటాకీ పాలే. గన్నేరు మీద ఎడారి గులాబీ కడితే పట్టుద్ది. ముళ్ళకిరీటం మీద కట్టు, ఏడు జన్మలెత్తినా పట్టదు. ఆయ్."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ముళ్ళకిరీటం యుఫోర్బియేసి, మర్రి మోరేసి, సపోటా సపోటేసి. పాలు ఆ కుటుంబాల్లో దేనికది విడిగా వచ్చిన లక్షణం. గన్నేరూ ఎడారి గులాబీ ఇద్దరూ అపోసైనేసి. ఆయన పుష్పచిత్రం గీయలేదు, పుష్ప సంకేతం రాయలేదు. బెరడు కింద పచ్చటి పొరని పొరతో అతికించి, అతుకు నిలుస్తుందో లేదో ఏళ్ళ తరబడి చూశారు. కుటుంబం అన్న మాటకి ఇంతకంటే గట్టి పరీక్ష నేను క్లాసులో పెట్టలేను.

వస్తూ వస్తూ జిల్లేడు పువ్వు కోసుకొచ్చాను. బెంథామ్, హుకర్ల వర్గీకరణలో జిల్లేడుది వేరే కుటుంబం, ఆస్క్లెపియడేసి. ఇప్పుడు దాన్ని అపోసైనేసిలో కలిపేశారు. మధ్యలో ఉన్న ఐదు మూలల పీఠం అంచున నల్లటి చుక్క కనిపిస్తుంది. సూదిమొనతో దాన్ని పట్టి లాగితే రెండు పసుప్పచ్చటి సంచులు జంటగా వేలాడుతూ బయటికి వస్తాయి. పుప్పొడి పొడిగా రాలదు, ఆ సంచుల్లోనే ముద్దగా ఉంటుంది, కీటకం కాలికి తగులుకుని పోతుంది. నందివర్ధనంలో ఇది లేదు. రెండింటిలోనూ ఉన్నవి పాలు, ఎదురెదురు ఆకులు, విడివిడి అండాశయాలు, జంట కాయలు, గింజలకి కుచ్చు ఉన్నా లేకపోయినా. ఒక్క పుప్పొడి సంచుల కోసం అన్నదమ్ముల్ని వేరు కాపురం పెట్టించారు ఇన్నాళ్ళూ. కలపడమే న్యాయం అని నా అభిప్రాయం.

డిసెంబరు 6

బంతి. ఒకటే పువ్వు అనుకునేది వందల పూల తల, శీర్షవద్విన్యాసం. అంచు పూలకి నాలుక లాంటి రేకు, మధ్య పూలకి గొట్టం. ప్రతి చిన్న గొట్టంలో ఐదు పరాగకోశాలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, మందారంలో దండాలు కలిసినట్టు కాదు. కీలం కిందనుంచి పెరుగుతూ పుప్పొడిని పైకి తోస్తుంది. ముద్దబంతిలో మధ్య గొట్టాలు కూడా నాలుకలై కూర్చున్నాయి. ఇక్కడా అంతే, ప్రాక్టికల్‌కి పనికొచ్చేది ఒంటి వరస బంతి.

డిసెంబరు 16

ఈ రోజు రాసుకోవాల్సింది చాలా ఉంది. ఒకే క్రమానికి చెందిన నాలుగు పూలు ఒకే పూటలో దొరికాయి, జింజిబరేల్స్.

మొదట అరటి. పెరట్లో గెలకి వేలాడుతున్న పువ్వు. కూరకి ఒలిచేటప్పుడు ప్రతి చిన్న పువ్వులోంచి గట్టి పుల్లనీ, పలచని పొరనీ తీసిపారేస్తాం, ఉడకవు కనక. ఆ పుల్ల కీలం, చివర బొడిపె కీలాగ్రం. ఆ పొర విడిగా ఉన్న ఒక పరిపత్రం. మిగతా ఐదూ కలిసిపోయి ఒక్కటిగా ఉంటాయి. కేసరాలు ఐదు. ఏకదళబీజాల లెక్క ప్రకారం ఆరుండాలి, ఒకటి లేదు.

రెండోది హెలికోనియా, వేమగిరి నర్సరీది. ఎర్రటి పడవల్లాంటి పుచ్ఛాల లోపల దాక్కున్న చిన్న పువ్వు. ఇక్కడా పనిచేసే కేసరాలు ఐదే. అయితే ఆరోది పూర్తిగా పోలేదు, చిన్న వంధ్యకేసరంగా మిగిలి ఉంది.

మూడోది ఎర్ర అల్లం, ఆల్పీనియా. ఎర్రటి పుచ్ఛాల మధ్య చిన్న తెల్లపువ్వు. పనిచేసే కేసరం ఒక్కటే! పెదవిలా వెడల్పుగా కనిపించేది రేకు కాదు, వంధ్యకేసరాలు కలిసి అయింది. ఆ ఒక్క కేసరం రెండు గదుల మధ్యనుంచి కీలాన్ని పట్టుకుని నిలబెడుతుంది. కీలానికి సొంతంగా నిలబడే బలం లేదు, సన్నటి దారం. సూదితో విడదీస్తే కిందికి వాలిపోయింది. పసుపు, ఏలకి, అల్లం అన్నీ ఇలాగే. ఆకు నలిపితే ఘాటైన వాసన. పక్కన కోస్టస్ మొక్క ఉంది. ఒకప్పుడు దాన్నీ అల్లం కుటుంబంలోనే కలిపేవాళ్ళు. దాని ఆకుల్లో ఆ సువాసన లేదు, పైగా ఆకులు కాండం చుట్టూ మెట్లలా తిరుగుతాయి. అల్లానికి రెండు వరసలే. ఇప్పుడు కోస్టేసి విడి కుటుంబం. వాసన చూడడానికి లెన్సు అక్కర్లేదు, ఒక ఆకు తుంచితే చాలు.

నాలుగోది మెట్టతామర. దీని దగ్గరే పిల్లలు చాలాసేపు ఆగిపోయారు. ఎర్రగా, పసుపుగా పెద్దగా కనిపించేవి రేకులు కావు. అసలు రేకులు మూడు, సన్నగా, మొనదేలి, వెనక దాక్కుని ఉంటాయి. ముందు పరచుకున్నవి వంధ్యకేసరాలు. పనిచేసే కేసరం కూడా సగం రేకే. దాని ఒక అంచుకి మాత్రం ఒకే ఒక్క గది పరాగకోశం. ఐదు, ఐదు, ఒకటి, సగం. పువ్వుని ఏ గీత మీద కోసినా రెండు సమాన భాగాలు రావు, పుష్పచిత్రం గీయడానికి పిల్లలు అవస్థ పడ్డారు. మొగ్గ విప్పి చూపించాను: పువ్వు విచ్చకముందే పుప్పొడి చదునైన కీలం మీద అంటుకుని ఉంది. పువ్వులోకి తల పెట్టిన పిట్టకైనా పురుక్కైనా అక్కణ్ణించే అందుతుంది.

బోర్డు మీద ఈ నాలుగింటినీ వరసగా గీశాను. కేసరాలు తగ్గుతున్న కొద్దీ వంధ్యకేసరాలు రేకుల పని అందుకుంటున్నాయి. ముద్దమందారంలో మనిషి ఎంచి ఎంచి పెంచిన మార్పు, మెట్టతామరలో మనిషి చెయ్యి పడకముందే జరిగింది. మెట్టతామర మాత్రం ఒక సగం పరాగకోశాన్ని చివరిదాకా కాపాడుకుంది, దాని గింజలు మొలుస్తాయి.

జనవరి 4

నర్సరీల్లో కొత్త సంవత్సరం సందర్శకులు ఇంకా తగ్గలేదు. అందరూ బోగన్‌విల్లియా ముందు నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. రంగు రంగు కాగితాల్లాంటివి మూడు పుచ్ఛాలు. ఒక్కో పుచ్ఛం నడి ఈనెకి అతుక్కుని ఒక సన్నటి గొట్టం పువ్వు. ఆ గొట్టం చివర తెల్లగా విచ్చుకుంటేనే పువ్వు పూసినట్టు. నిక్టాజినేసి, చంద్రకాంతతో సహా.

ముళ్ళకిరీటంలో ఎర్రగా కనిపించేవి కూడా పుచ్ఛాలే. మధ్య గిన్నెలో కేసరాలు అనుకునేవి ఒక్కోటీ ఒక మగపువ్వు. లెన్సుతో చూస్తే ఒక్కో కాడ మధ్యలో కీలు కనిపిస్తుంది. కీలు కింద పువ్వు కాడ, పైన కేసరదండం. ఆ కీలు కనబడ్డాక ఇంకెవరూ దాన్ని ఒకే పువ్వు అనరు.

జనవరి 11

సెలవులు. సంక్రాంతి పిండివంటల మధ్య రాక్స్‌బర్గ్ బొమ్మలు తీసి చూస్తూ కూర్చున్నాను. విలియం రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా వెళ్ళక ముందు పదేళ్ళకి పైగా ఇక్కడికి దగ్గర్లోనే, సామర్లకోటలో ఉన్నాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన పుస్తకం 1795 నుంచి మూడు సంపుటాలుగా, 300 బొమ్మలతో వచ్చింది. బొమ్మలు గీసింది ఇక్కడి చిత్రకారులు. మొక్కలకి తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడాయన. కొమ్మ బొమ్మ కింద విడదీసిన కేసరం, అండాశయం, కాయ విడివిడిగా గీసి ఉంటాయి. ఆ చిత్రకారుల పేర్లు పుస్తకం అట్ట మీద ఉండాల్సింది.

రాక్స్‌బర్గ్ లినేయస్ పద్ధతి వాడాడు. కేసరాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి తరగతి నిర్ణయించడం. ఆ లెక్కలో ఒకే కేసరం ఉన్న అల్లం, పసుపు, మెట్టతామర ఒక చోటికి చేరాయి, బాగానే ఉంది. అరటి మాత్రం ఎక్కడో దూరంగా పడింది. రెండు కేసరాలున్నాయని మల్లె, అడ్డసరం ఒకే తరగతిలో కూర్చున్నాయి. అడ్డసరం పువ్వుకి రెండు పెదవులు, మల్లెకి గుండ్రటి విచ్చుడు. ఆకు, కాయ, గింజ ఏవీ కలవవు. 1789లో జుస్యూ ఒక్క అంకె మీద ఆధారపడకుండా చాలా లక్షణాల్ని కలిపి చూసి 100 కుటుంబాలుగా పేర్చాడు. 1862, 1883 మధ్య బెంథామ్, హుకర్ ఆ దారినే ఇంకా దూరం తీసుకెళ్ళారు. మన కాలేజీ హెర్బేరియం అలమరాలు ఇప్పటికీ వాళ్ళ వరసలోనే ఉన్నాయి. డీఎన్ఏ కలిపి చూసిన 2016 నాటి ఏపీజీ నాలుగో వర్గీకరణలో కుటుంబాలు 416.

జనవరి 22

చిక్కుడు కుటుంబం, ఫాబేసి. దుళ్ల వైపు రోడ్డు పక్కన తంగేడు, కంచె మీద శంఖుపుష్పం, నేల మీద అత్తిపత్తి.

శంఖుపుష్పంలో ధ్వజదళం, రెండు బాహుదళాలు, ద్రోణి. తొమ్మిది కేసరాలు కలిసి, పదోది విడిగా. అయితే ఈ పువ్వు తలకిందులుగా పూస్తుంది, పైన ఉండాల్సిన ధ్వజం కిందికి పరచుకుంటుంది. తంగేడులో రేకులు ఐదూ దాదాపు ఒకలాగే, పై రేకు అన్నిటికంటే లోపల. శంఖుపుష్పంలో అది అన్నిటికంటే బయట. అత్తిపత్తిలో రేకులు కంటికి ఆనవు, కేసరాలే గులాబి రంగు బంతి. మూడు పూలకీ పోలిక లేదు. మూడింటినీ కలిపేది ఒకే ఒక్క ఫలదళం ఉన్న అండాశయం, దానినుంచి వచ్చే కాయ. గింజలు ఒకే వరసలో, ఒకే అంచుకి. పాఠ్యపుస్తకాల్లో మూడు ఉపకుటుంబాలుగా చదివించాం. 2017లో ఆరుగా విడదీశారు. తంగేడూ అత్తిపత్తీ ఇప్పుడు ఒకే ఉపకుటుంబం. దేవకాంచనం, అసలు అశోకం చెరొక దానిలోకి పోయాయి.

ఫిబ్రవరి 9

కనకాంబరం మడిలో ఎండిన వెన్నులు తెచ్చి బల్ల మీద పెట్టి నీళ్ళు చిలకరించాను. కాసేపటికి టప్ మని ఒక కాయ పగిలి గింజ కిటికీ దాకా ఎగిరింది. వరసగా టప్, టప్. పిల్లలు కేకలు. విడిన కాయ లోపల ప్రతి గింజ కింద గట్టి కొక్కెం ఉంది, గింజని విసిరేది అదే. అడ్డసరం కాయలోనూ ఆ కొక్కెం ఉంటుంది. అకాంథేసి.

పువ్వు చీల్చి చూస్తే పై పెదవి లేదు, ఒకే వైపు పరచుకున్న రేకు. లోపల నాలుగు కేసరాలు, రెండు పొడుగు, రెండు పొట్టి. పరాగకోశం ఒకే గది! మందారంలో ఒకటి, మెట్టతామరలో ఒకటి, ఇక్కడ ఒకటి. మూడు కుటుంబాలకీ ఏ దగ్గర సంబంధమూ లేదు, ఒకటి ఏకదళబీజం కూడా. ముగ్గురూ వేరు వేరు దారుల్లో అక్కడికే చేరారు. ఇన్ని నెలలుగా పిల్లల చేత చేయించింది ఈ ఒక్క విషయం కోసమే అనిపించింది: ఒక లక్షణం చూసి కుటుంబం చెప్పకూడదు. ఆకు అమరిక, పాలు, పత్రపుచ్ఛం, కేసరాలు, అండాశయం, కాయ అన్నీ కలిపి చూడాలి. పరీక్షలో "ఏకకక్ష్యయుత పరాగకోశం గల కుటుంబం ఏది?" అన్న ప్రశ్న ఇక అడగను.

ఫిబ్రవరి 20

కాలేజీ వెనక ఖాళీ జాగాలో కుటుంబాల వారీగా మడులు వెయ్యడానికి ఒప్పుకున్నారు. బాబాయిగారు ఒంటిరెక్క మందారం, ఒంటిరెక్క నందివర్ధనం, ఒంటిరెక్క గన్నేరు కొమ్మలు తనే వేళ్ళు పట్టించి కవర్లలో పెట్టి ఇస్తానన్నారు. "అమ్ముడుపోని రకాలు గదమ్మా, నువ్వు అడుగుతుంటే మళ్ళీ వెయ్యాలనిపిస్తంది" అన్నారు.

మాల్వేసి మడి గోడ పక్కన, ఎండకి. అపోసైనేసి, రూబియేసి పక్కపక్కన, మధ్యలో దారి. అరటి, హెలికోనియా, అల్లం, మెట్టతామర నీళ్ళ కొళాయి దగ్గర, బోర్డు మీద గీసిన వరసలోనే. ముళ్ళకిరీటం, ఎడారి గులాబీ ఎదురెదురుగా, రెండింటి పాలూ చూసుకునేలా.

పారిజాతం దగ్గర ఆగాను. నాలుగు పలకల కొమ్మ, గరుకు ఆకు, రెండు గింజల చపటా కాయ. అవి చూసి కొందరు దాన్ని వెర్బినేసిలో పెట్టారు. కేసరాలు రెండే, మల్లెలాగా. డీఎన్ఏ కూడా ఓలియేసి అనే చెబుతోంది. మల్లె పొదల పక్కనే గుంట తీయమని చెప్పాను. వెర్బినేసి వాళ్ళ వాదన కూడా పిల్లలకి తెలియాలి కనక, ఆ పలక కొమ్మని చేత్తో తడిమి చూడగలిగేలా మడి అంచుకి నాటిస్తాను.